ప్యాకింగ్‌లు మార్చినా ఆగని ఆయిల్ లీక్: ఒక 150 సీసీ బండి కేసు

బండి 150 సీసీ, ఒకే సిలిండర్, ఫోర్ స్ట్రోక్, ఎయిర్ కూల్డ్, కార్బొరేటర్ మోడల్. కంప్లయింట్ ఏంటంటే ఇంజన్ కింద ఎడమ పక్క ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. దూరం వెళ్లొస్తే ఎడమ బూటు మీద కూడా మరకలు పడుతున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికే డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చేశారు, గేర్ రాడ్ సీల్ మార్చేశారు, మ్యాగ్నెట్ కవర్ (ఇంజన్ ఎడమ పక్క కరెంటు తయారుచేసే మ్యాగ్నెట్ మీది మూత) ప్యాకింగ్ రెండుసార్లు మార్చారు. రెండోసారి ప్యాకింగ్‌కి తోడు సిలికాన్ పేస్టు కూడా దట్టంగా పూశారు. ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండటం, మళ్లీ చుక్క కనబడటం. చివరికి "చాంబర్ జాయింట్ నుంచి వస్తోంది, ఇంజన్ దించి విప్పాల్సిందే" అన్న మాట వినేసరికి ఓనర్‌కి టెన్షన్ పట్టుకుంది.

ఇంజన్ దించి చాంబర్ (క్రాంక్, గేర్లు ఉండే ఇంజన్ కింది పెట్టె, క్రాంక్‌కేస్) రెండుగా విడదీయడం చిన్న పని కాదు. క్రాంక్ బయటికి రావాలి, గేర్లు బయటికి రావాలి, బేరింగులు కదలాలి. లీక్ ఎక్కడుందో కళ్లతో చూడకుండా అంత పని చేయించమని చెప్పడం నాకు అస్సలు నచ్చదు. చాంబర్ జాయింట్ లీక్ అవదని కాదు. అనుమానితుల లిస్టులో దాని పేరు చివర్లో ఉండాలి, అంతే.

ముందు అడగాల్సినవి

స్పానర్ పట్టుకునే ముందు కొన్ని విషయాలు అడుగుతాను. చుక్క బండి ఆపగానే పడుతోందా, రాత్రంతా నిలబెట్టాక పడుతోందా? నిదానంగా తిరిగినా వస్తోందా, స్పీడుగా లాగితేనే వస్తోందా? లెవెల్ ఎలా చూస్తున్నారు? లీక్ మొదలవక ముందు బండికి ఏ పని జరిగింది?

ఆయన చెప్పిన జవాబుల్లోనే సగం దారి దొరికింది. దగ్గర తిరుగుళ్లకి దాదాపు ఏమీ ఉండదట. గంటకు పైగా స్పీడుగా నడిపితేనే తడి. బండి ఆపిన అరగంటలోపే చుక్కలు పడిపోతాయి, తెల్లారేసరికి ఆ మరక పెద్దదేమీ అవదు. ఆయిల్ లెవెల్ సైడ్ స్టాండ్ మీదే చూస్తారు, తగ్గినట్టు కనిపిస్తే పోస్తారు. ఇక లీక్‌కి ముందు జరిగిన పని గురించి, "దీనికీ దానికీ సంబంధం లేదనుకుంటా గానీ, కార్బొరేటర్ క్లీన్ చేయించాను, అప్పుడే ఎయిర్ ఫిల్టర్ మార్చారు" అన్నారు. ఆ మాట జాబ్ కార్డు మీద రాసి కింద గీత గీశాను. అప్పటికి దాని అర్థం నాకూ తెలియదు.

చుక్క పడే టైమ్ ఎందుకు ముఖ్యమంటే, బండి ఎడమకి వాలి సైడ్ స్టాండ్ మీద ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు, మ్యాగ్నెట్ కవర్ కింది అంచు లాంటివి ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అక్కడ లీకుంటే ఇంజన్ ఆఫ్‌లో ఉన్నా కారుతూనే ఉంటుంది, తెల్లారేసరికి మరక పెరగాలి. ఇక్కడ పెరగట్లేదు. అంటే ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే ఆయిల్ తగిలే చోటు నుంచి, లేదా లోపల ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే బయటికి వస్తోంది. ఆపాక పడే చుక్కలు అప్పటికే బయటికొచ్చి ఎక్కడో ఆగి ఉన్న ఆయిల్‌వి.

మాట మీద ఆధారపడకుండా ఒక చిన్న పరీక్ష చేశాను. లాంగ్ రైడ్ నుంచి రాగానే ఇంజన్ కింద ఒక అట్ట పెట్టించి, గంట తర్వాత అది తీసేసి మరో అట్ట పెట్టించాను. మొదటి అట్ట మీద గుత్తిగా చుక్కలు, రెండోది పొద్దున దాకా ఉన్నా దాదాపు శుభ్రం. డ్రెయిన్ బోల్టు, గేర్ రాడ్ సీల్, మ్యాగ్నెట్ కవర్ కింది భాగం మీద నా అనుమానం అక్కడితో బాగా తగ్గింది. ఇప్పటిదాకా మార్చినవన్నీ అవే.

శుభ్రం చేయడమే సగం పని

ఎడమ పక్కంతా ఆయిల్, దుమ్ము, చైన్ ల్యూబ్ కలిసి నల్లటి ముద్దలా ఉంది. ఆ స్థితిలో ఎంత తెలివైనవాడు చూసినా ఏమీ చెప్పలేడు. ముందుగా చైన్ స్ప్రాకెట్ కవర్ తీశాను. లోపల మందంగా పేరుకున్న మడ్డి. దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూస్తే జిగటగా తీగలు సాగుతోంది, అది చైన్ ల్యూబ్. ఇంజన్ ఆయిల్ అయితే జారిపోతుంది, తీగ సాగదు. స్ప్రాకెట్ వెనక ఉండే అవుట్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయిందని మెకానిక్‌లు పొరపాటు పడేది ఎక్కువగా ఈ మడ్డి చూసే. ఇక్కడ మడ్డి గోకేస్తే సీల్ పెదవి చుట్టూ పొడిగానే ఉంది. అయితే కవర్ పైభాగం లోపలి వైపు ఒక మూల మాత్రం పల్చటి నల్ల ఆయిల్ తడి కనిపించింది. కింద నుంచి పైకి ఎగిరిన తడిలా లేదు, పైనుంచి దిగిన చారలా ఉంది.

ఎయిర్ ఫిల్టర్ నోరు, సైలెన్సర్ చివర, వైరింగ్ కనెక్టర్లు మూసి, చల్లారిన ఇంజన్ మీద డీగ్రీజర్ కొట్టి నానబెట్టాను. బ్రష్‌తో రుద్ది కడిగాక గాలి పట్టాను. హెడ్ దగ్గర నుంచి కింద డ్రెయిన్ బోల్టు దాకా, రెక్కల సందులతో సహా, ఎక్కడా తడి లేకుండా చేయాలి. బోరు (సిలిండర్ బ్లాక్) వెనక, చాంబర్ పైభాగంలో స్టార్టర్ మోటార్ ఉండే గుంట ఒకటుంటుంది. కడిగినవాళ్లు ఎక్కువగా వదిలేసేది దాన్నే. కొసన గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్‌తో తుడిస్తే అందులోంచి చెంచాడు ఆయిల్ వచ్చింది.

ప్రతి రిపేర్ తర్వాతా కొన్నాళ్లు బాగుండి మళ్లీ లీక్ రావడానికి కారణం ఆ గుంటే అని నాకు అక్కడే తట్టింది. ప్యాకింగ్ మార్చినప్పుడల్లా బండి కడిగేవారు, గుంట ఖాళీ అయ్యేది. లీక్ మాత్రం ఆగేది కాదు. ఆయిల్ మళ్లీ ఆ గుంటను నింపి, ఎడమకి పొర్లి, స్ప్రాకెట్ కవర్ వెనక నుంచి మ్యాగ్నెట్ కవర్ మీదుగా కిందికి దిగడానికి కొన్నాళ్లు పట్టేది. ఆ గడువునే అందరూ రిపేర్ ఫలించినట్టు లెక్కేసుకున్నారు.

పౌడర్, ఆపైన డై

ఆరిన ఇంజన్ మీద మామూలు టాల్కం పౌడర్ పల్చగా చల్లాను. మొదట ఐడిల్‌లో పావుగంట వదిలాను. ఏమీ రాలేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, "స్టార్ట్ చేసి చూశాం, లీక్ లేదు" అని బండి ఇచ్చేస్తారు. ఐడిల్‌లో ఇంజన్ మీద లోడ్ ఉండదు, ఆయిల్ పూర్తిగా వేడెక్కి పల్చబడదు, రింగుల పక్క నుంచి చాంబర్‌లోకి జారే గ్యాస్ కూడా తక్కువే. ఓనర్ లాంగ్ రైడ్‌లో మాత్రమే వస్తుందన్నప్పుడు ఐడిల్‌లో రాకపోవడం నాకు కొత్త సంగతేమీ చెప్పదు.

రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఓనర్ నడిపే స్పీడుల్లోనే బాగా వేడెక్కేదాకా నడిపాను. తిరిగి రాగానే టార్చ్ వేసి చూస్తే మ్యాగ్నెట్ కవర్ చుట్టూ పౌడర్ చెక్కు చెదరలేదు. గేర్ రాడ్ దగ్గరా అంతే. బోరు వెనక వైపు మాత్రం పౌడర్ తడిసి, ముద్దకట్టి, అక్కడి నుంచి గుంటలోకి ఒక చార దిగింది.

పౌడర్ ప్రాంతం చెబుతుంది గానీ సరిగ్గా పాయింట్ చెప్పదు. బోరు వెనక అనుమానితులు నాలుగు: పైన టాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) రబ్బరు, దాని కింద హెడ్ ప్యాకింగ్, మధ్యలో టైమింగ్ చైన్ టెన్షనర్ (క్యామ్ షాఫ్ట్‌ని తిప్పే చైన్‌ని బిగువుగా ఉంచే భాగం), అడుగున బోరు చాంబర్ మీద కూర్చునే చోట బేస్ ప్యాకింగ్. రన్నింగ్‌లో గాలి ఆయిల్‌ని వెనక్కీ పక్కలకీ నెడుతుంది, రెక్కల సందుల్లో తడి అడ్డంగా కూడా పాకుతుంది. కాబట్టి తడిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు వైపు ఉన్న పాయింట్ వెతకాలి. ట్యాంక్, ఫ్రేమ్ అడ్డుండటంతో కంటికి అది అందలేదు.

మళ్లీ శుభ్రం చేసి, ఇంజన్ ఆయిల్‌లో కలిపే యూవీ డై (యూవీ టార్చ్ వెలుగులో మెరిసే రంగు) వేశాను. క్లచ్ ఇదే ఆయిల్‌లో తడుస్తుంది కాబట్టి దొరికిన డై ఏదో పోసేయకూడదు, ఇంజన్ ఆయిల్ కోసం చేసినదే, డబ్బా మీద చెప్పిన మోతాదులోనే వాడాలి. మళ్లీ అదే తరహా రైడ్ చేసి వచ్చి, రాగానే ట్యాంక్ తీసి, షెడ్‌లో లైట్లు ఆర్పి యూవీ టార్చ్, పసుపు కళ్లద్దాలు, చిన్న అద్దం పట్టుకుని చూశాను. టాపెట్ కవర్ అంచు చీకటిగా ఉంది. హెడ్ జాయింట్ చీకటి. టెన్షనర్ బాడీ బోరుకి అతుక్కునే చోట, కింది బోల్టు పక్కన గోరంత మేర ఆకుపచ్చ పసుపు మెరుపు. అక్కడి నుంచి కిందికి దారం లాంటి గీత. బేస్ జాయింట్ మీదుగా ఆ గీత పోయింది గానీ జాయింట్ వెంబడి అటూ ఇటూ పాకలేదు. బేస్ ప్యాకింగ్ దోషి అయితే జాయింట్ వెంబడి మెరిసేది.

టైమింగ్ చైన్ కింద నుంచి ఆయిల్‌ని మోసుకొస్తూ సరిగ్గా ఆ వెనక గోడ మీదే చిమ్ముతూ ఉంటుంది. కాబట్టి టెన్షనర్ ప్యాకింగ్ కాస్త వదులైనా ఇంజన్ తిరిగినంతసేపూ అక్కడ ఆయిల్ సిద్ధంగా ఉంటుంది. ఇంజన్ ఆపగానే సప్లై ఆగిపోతుంది. అట్టల పరీక్ష చెప్పినదానికి ఇది సరిగ్గా సరిపోయింది.

ఇంకో ప్రశ్న మిగిలింది

ఇక్కడ ప్యాకింగ్ మార్చి బండి ఇచ్చేయొచ్చు. చాలామంది ఇచ్చేస్తారు కూడా. నాకు మాత్రం కార్బొరేటర్ క్లీనింగ్ సంగతి మనసులో తొలుస్తూనే ఉంది. పైగా స్పీడులో మాత్రమే ఆయిల్ బయటికి రావడం చూస్తే లోపల నుంచి ఏదో నెడుతోందనిపించింది.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా కొంత గ్యాస్ చాంబర్‌లోకి జారుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది, ఈ బండిలో అది ఎయిర్ ఫిల్టర్ బాక్సులోకి వెళ్తుంది. ఆ దారి మూసుకుంటే ప్రెషర్ పెరిగి, ఏ సీల్ బలహీనంగా ఉంటే దాన్నుంచి ఆయిల్‌ని నెడుతుంది. ఎయిర్ ఫిల్టర్ బాక్సు వైపు బ్రీదర్ పైపు చివర ఊడదీసి వేలు పెట్టి చూశాను. లోపల పొడిగా, కొత్త పైపులా ఉంది. ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆ చివర పల్చటి ఆయిల్ పొర లేకపోవడం మామూలు కాదు. ఇంజన్ వైపు చివర ఊడదీస్తే అది మాత్రం నల్లగా, తడిగా ఉంది. మధ్యలో ఎక్కడో దారి మూసుకుంది. బాక్సు బోల్టులు వదులు చేసి కదిపితే దొరికింది: ఫ్రేమ్ రాడ్డుకీ బాక్సుకీ మధ్య పైపు ఇరుక్కుని, వేడికి మెత్తబడి, పట్టీలా చదునైపోయింది. ఫిల్టర్ మార్చి బాక్సు తిరిగి బిగించినప్పుడు పైపుని దాని క్లిప్పులో పెట్టలేదు. పూర్తిగా మూసుకోలేదు, నోటితో ఊదితే కొంచెం గాలి పోతోంది. ఐడిల్‌కి ఆ కొంచెం సరిపోయింది, లోడ్‌లో సరిపోలేదు.

అనుమానం తీర్చుకోవడానికి కొలిచాను. ఆయిల్ పోసే రంధ్రానికి సరిపడే రబ్బరు బిరడాకి పైపు గుచ్చి, పారదర్శకమైన ట్యూబ్‌ని యూ ఆకారంలో వంచి అందులో నీళ్లు పోస్తే అదే ప్రెషర్ గేజ్. సింగిల్ సిలిండర్‌లో పిస్టన్ దిగి ఎక్కినప్పుడల్లా చాంబర్ ప్రెషర్ ఊగుతుంది, నీళ్లు ఎగిరెగిరి పడతాయి. ఆ ఊపు తగ్గడానికి ట్యూబ్‌లో ఒక పాత పైలట్ జెట్ (కార్బొరేటర్‌లో సన్న రంధ్రం ఉండే ఇత్తడి ముక్క) దూర్చాను, సగటు రీడింగ్ కనబడటం మొదలైంది. పది సెంటీమీటర్ల నీటి ఎత్తు అంటే సుమారు ఒక కిలోపాస్కల్. పైపు నొక్కుకుని ఉండగా ఐడిల్‌లో తేడా నాలుగైదు సెంటీమీటర్లే, రేస్ చేస్తే ముప్పై దాటింది. పైపు సరిచేసి అదే ఆర్‌పీఎమ్‌లో చూస్తే నీళ్లు దాదాపు సమంగా నిలిచాయి. ఇదంతా ఇంజన్ ఎదురుగా ఫ్యాన్ పెట్టే చేశాను. నిలబెట్టిన ఎయిర్ కూల్డ్ ఇంజన్‌ని ఊరికే రేస్ చేస్తూ కూర్చోకూడదు.

రింగులు అరిగి గ్యాస్ ఎక్కువ వస్తోందేమోనని కంప్రెషన్ కూడా చూశాను. గేజ్ మాన్యువల్ చెప్పిన పరిధిలోనే ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి కొన్ని చుక్కల ఆయిల్ వేసి మళ్లీ చూసినా రీడింగ్ పెద్దగా ఎగబాకలేదు. రింగులు బాగున్నాయి, బోరు పని లేదు.

దీనికి తోడు ఆయిల్ ఎక్కువగా ఉంది. ఈ బండిలో డిప్‌స్టిక్ కుడి పక్క క్లచ్ కవర్ మీద ఉంటుంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలితే ఆయిల్ ఎడమకి చేరి, కుడి పక్క స్టిక్ మీద లెవెల్ తక్కువ చూపిస్తుంది. ఓనర్ లీక్ వల్ల తగ్గిందనుకుని పోస్తూ వచ్చారు. డ్రెయిన్ చేసి కొలజాడీలో పోస్తే లీటరు ఉండాల్సిన చోట అంతకు పావు లీటరు దాకా ఎక్కువ తేలింది. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలుకుతుంది, నురగ కడుతుంది, చాంబర్‌లో ఖాళీ తగ్గి ప్రెషర్ ఊపు ఇంకా పెరుగుతుంది.

రిపేర్

టెన్షనర్ తీయడం పది నిమిషాల పనే అయినా తొందరపడితే పెద్ద నష్టం. పిస్టన్‌ని కంప్రెషన్ టాప్‌లో పెట్టి, మధ్య బోల్టు తీసి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపలి ప్లంజర్‌ని వెనక్కి తిప్పి పట్టుకుని, ఆపైనే రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్ తిప్పకూడదు, కిక్ మీద కాలు పెట్టకూడదు. చైన్ ఒక్క పన్ను దాటినా టైమింగ్ పోతుంది.

పాత కాగితం ప్యాకింగ్ కింది బోల్టు పక్కన నల్లబడి, పొర విడి ఉంది. యూవీ మెరుపు కనిపించింది సరిగ్గా అక్కడే. టెన్షనర్ ముఖాన్ని అద్దం పలక మీద పరిచిన సన్న ఎమరీ కాగితంపై నాలుగు రుద్దులు రుద్ది చూస్తే గీతలు అంతటా సమంగా పడ్డాయి, వంకర లేదు. బోరు వైపు ముఖం ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గోకాను. అల్యూమినియం మీద ఇనుప బ్లేడు ఆడిస్తే ఆ గాడే రేపు కొత్త లీక్. కొత్త ప్యాకింగ్ పొడిగానే పెట్టి, 6 ఎంఎం బోల్టుల్ని 10 న్యూటన్ మీటర్లకి బిగించాను. లీక్ ఆపాలని ఇంకా బలంగా తిప్పితే ఊడేది బోరులోని థ్రెడ్లే.

బ్రీదర్ పైపు చదునైన చోట రబ్బరు మళ్లీ గుండ్రంగా నిలబడట్లేదు, అందుకే కొత్తది వేసి క్లిప్పులో కూర్చోబెట్టాను.

ఇక ఆ సిలికాన్. ఓనర్ అడగకపోయినా మ్యాగ్నెట్ కవర్ విప్పుతానని చెప్పి ఒప్పించాను. కవర్ లోపలి అంచంతా పేస్టు బయటికి పొంగి తాళ్లలా వేలాడుతోంది. కొన్ని చోట్ల తాడు తెగి ఖాళీగా ఉంది, అంటే ఆ ముక్కలు లోపలే ఎక్కడో ఉన్నాయి. ఆయిల్ జాలీ (పంపుకి వెళ్లే ఆయిల్‌ని వడకట్టే జల్లెడ) తీసి చూస్తే రెండు ముక్కలు దానికి అంటుకుని కనిపించాయి. నా దృష్టిలో బండికి అసలు ప్రమాదం ఇదే. ఆయిల్ లీక్‌ని లెవెల్ చూసుకుంటూ కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. జాలీ మూసుకుని హెడ్‌కి ఆయిల్ అందకపోతే క్యామ్ షాఫ్ట్ మిగలదు. పేస్టు వాడాల్సిన చోట్లు మాన్యువల్‌లో ఉంటాయి: సాధారణంగా చాంబర్ రెండు భాగాల జాయింట్, స్టేటర్ (మ్యాగ్నెట్ దగ్గరి కాయిల్) వైర్లు బయటికొచ్చే రబ్బరు గ్రామెట్ లాంటివి. అక్కడ కూడా పల్చటి పొర చాలు. కాగితం ప్యాకింగ్ ఉన్న చోట మాన్యువల్ చెబితే తప్ప దానికి పని లేదు. పాత పేస్టంతా గోకి, జాలీ కడిగి, కొత్త ప్యాకింగ్ పొడిగా వేసి, గ్రామెట్ దగ్గర మాత్రం సన్నగా రాశాను. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్.

తర్వాత

డై ఆనవాళ్లు తుడిచి, మళ్లీ పౌడర్ చల్లి, మొదట లీక్ చూపించిన రూట్లోనే అంతే స్పీడులో నడిపాను. బోరు వెనక పౌడర్ తెల్లగానే ఉంది, గుంట పొడిగా ఉంది. ఓనర్‌కి లెవెల్ చూడటం దగ్గరుండి చూపించాను: బండి సమతలం మీద, సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక చూడాలి. డిప్‌స్టిక్‌ని మరలోకి బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. ఈ మోడల్‌కి ఆనించి చూడాలి.

తర్వాతి ఆయిల్ మార్పుకి బండి వచ్చినప్పుడు బ్రీదర్ పైపు రెండు చివరలా ఉండాల్సినట్టు పల్చటి ఆయిల్ పొర ఉంది. జాలీలో కొత్త సిలికాన్ ముక్కలేమీ లేవు. టాపెట్ కవర్ కుడి మూల మాత్రం కాస్త చెమర్చి దుమ్ము పట్టింది. చుక్క కట్టట్లేదు, టైరు మీదికో బ్రేకు మీదికో పోయే దారిలో లేదు. దాన్ని ముట్టుకోలేదు. ఈసారి వాల్వ్ క్లియరెన్స్ చూడటానికి ఆ కవర్ ఎలాగూ తీయాలి, రబ్బరు అప్పుడు మారుస్తానని జాబ్ కార్డు మీద రాసి పెట్టాను.